చిన్న ఊరి మురుగునీటికి మోటార్ల ప్లాంటా, కుంటలా?

నీటిబొట్టు:
వెయ్యి మంది ఉన్న ఊరికి మురుగునీటి శుద్ధి ఎలా చెయ్యాలని మా కమిటీలో రెండు వర్గాలయ్యాయి. సగం మంది బ్లోయర్లతో గాలి కొట్టే ప్లాంట్ అంటున్నారు, మిగతావాళ్ళు కుంటలు తవ్వితే చాలంటున్నారు. నాకైతే ప్లాంటే బెటర్ అనిపిస్తోంది, జాగా తక్కువ, నీళ్ళు కూడా తేటగా వస్తాయి. మీరేమంటారు?

పాతఆపరేటర్:
అలాంటి ప్లాంట్‌లో నాలుగేళ్ళు డ్యూటీ చేశాను కాబట్టి చెప్తున్నా, చిన్న ఊరికి వద్దండీ. పద్ధతి మంచిదే, 1914లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు కెమిస్టులు దీన్ని బయటపెట్టిన దగ్గర్నుంచి ఎన్నో నగరాలు దీని మీదే నడుస్తున్నాయి. కానీ ఆ ట్యాంకులో అసలు పని చేసేది బాక్టీరియా, దానికి రాత్రీ పగలూ గాలి అందాలి. అంతా బాగున్న రోజు ఆ నీళ్ళు లీటరు జాడీలో పట్టి పెడితే అరగంటలో గోధుమరంగు బురద అడుక్కి దిగిపోయి పైన తేట నీళ్ళు నిలబడతాయి, చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఒకసారి బ్లోయర్ బెల్ట్ తెగిపోయింది, స్పేర్ లేదు, రెండు రోజులు ఆగింది, అంతే, అదే జాడీలో నీళ్ళు నల్లగా, కుళ్ళిన గుడ్ల కంపు, బురద దిగనే లేదు. మళ్ళీ దారికి రావడానికి వారాలు పట్టింది, ఆ వారాలన్నీ సగం శుద్ధయిన నీళ్ళే వాగులోకి వదిలాం. అది నాకిప్పటికీ బాధే.

కుంటల్లో మోటారే ఉండదు. ఎండకి నాచు పెరుగుతుంది, ఆ నాచు వదిలే ఆక్సిజన్‌తో బాక్టీరియా బతుకుతుంది. మనిషికి రోజుకి 80 లీటర్లు వేసుకుంటే మీకు 80 వేల లీటర్లు, 20 రోజులు నిలవాలి, లోతు 1.2 మీటర్లు అనుకుంటే 1,330 చదరపు మీటర్ల పైచిలుకు. దాని వెనక క్రిములు చావడానికి ఇంకో కుంట, గట్లు, అన్నీ కలిపి అర ఎకరం దాటుతుంది.

గట్టుమీద:
అర ఎకరం మాటలా అన్నా? పైగా దోమలు. దాని బదులు ఇంటింటికీ సెప్టిక్ ట్యాంక్ కట్టించి ఇంకుడు గుంత తవ్వితే సరిపోదా?

పాతఆపరేటర్:
జాగా సంగతి నిజమే తమ్ముడూ, దానికి నా దగ్గర మందు లేదు. దోమలంటావా, గుడ్లు పెట్టేది ఎక్కువగా అంచున గడ్డి మొలిచి నీళ్ళు కదలని చోట, గట్టు లోపలి వైపు రాయి పరిచి గడ్డి పీకిస్తూ ఉంటే చాలావరకు తగ్గుతాయి, ఆ పనికి ఇంజనీర్ అక్కర్లేదు. సెప్టిక్ ట్యాంక్‌లో మడ్డి దిగుతుంది గానీ బయటికొచ్చే నీళ్ళలో రోగక్రిములు అలాగే ఉంటాయి, వాటి సంగతి చూడాల్సింది మట్టే. బంకమట్టైతే నీళ్ళు ఇంకవు, పైకి తన్నుతాయి. భూగర్భజలం పైపైనే ఉంటే నేరుగా బావిలోకి చేరతాయి, వాటితో మురుగులోంచి వచ్చే నైట్రేట్ అనే లవణం కూడా. తాగే నీళ్ళలో నైట్రేట్ లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది పసిపిల్లల కోసమే. ఇంకోటి, ఆ ట్యాంక్ క్లీన్ చెయ్యడానికి మాత్రం మనిషిని దింపొద్దు, లోపలి గ్యాస్‌కి క్షణాల్లో స్పృహ పోతుంది.

నీటిబొట్టు:
బెల్ట్ తెగితే ఎవరు చూస్తారన్నది మేం అసలు అనుకోలేదండీ. మాది బంకమట్టే, ఊరి పల్లంలో ఖాళీ జాగా కూడా ఉంది. వాన నీళ్ళు కూడా అటే వస్తాయి, కుంటలోకి దిగకుండా చుట్టూ కాలవ తియ్యాలా?

పాతఆపరేటర్:
తప్పకుండా తియ్యాలి. గట్టు కన్నా ముందు ఆ కాలవే తవ్వించండి.