స్లర్మ్ ఇచ్చిన జీపీయూని వర్చువల్‌జీఎల్‌కి ఎలా చెప్పాలి?

మా క్లస్టర్‌లో విజువలైజేషన్ నోడ్‌కి 4 ఎన్విడియా జీపీయూలు (గ్రాఫిక్స్ కార్డులు) ఉన్నాయి. మానిటర్ లేదు, ఎక్స్ సర్వర్ (లినక్స్‌లో తెర మీద బొమ్మ చూపించే ప్రోగ్రామ్) నడవదు. క్లస్టర్‌లో జాబ్‌లకి వనరులు కేటాయించే స్లర్మ్‌లో ఒక జీపీయూ తీసుకుని, దూరం నుంచి డెస్క్‌టాప్ చూపించే టర్బోవీఎన్‌సీ మొదలుపెట్టి, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్‌తో 5901 పోర్టుకి కనెక్ట్ అవుతున్నాను. ఇంతవరకు బాగానే ఉంది.

పారావ్యూని (3డీ డేటాని బొమ్మగా చూపే ప్రోగ్రామ్) మామూలుగా తెరిస్తే, బొమ్మ గీసేది ఏదో చెప్పే జీఎల్ఎక్స్ఇన్ఫో కమాండ్‌లో రెండరర్ ఎల్ఎల్‌వీఎంపైప్ అని వస్తోంది. అంటే పనంతా సీపీయూ మీదే. 6 జీబీ ఫైలు, మౌస్‌తో తిప్పితే బొమ్మ కదలడానికి 5 సెకన్లు పడుతోంది. 3డీ పనిని జీపీయూకి మళ్లించే వర్చువల్‌జీఎల్ వాడదామని, దాని వీజీఎల్‌రన్ కమాండ్‌తో ఏ ఆప్షనూ లేకుండా పెడితే డిస్‌ప్లే :0 తెరవలేనంటుంది; ఎక్స్ సర్వర్ లేదు కాబట్టి అది అర్థమైంది. అందుకే వర్చువల్‌జీఎల్ 3.1లో, ఎక్స్ సర్వర్ లేకుండానే జీపీయూని వాడే -డీ ఈజీఎల్ ఆప్షన్ వాడాను.

అసలు చిక్కు ఇక్కడే. 8 జాబ్‌లు వేస్తే 2 సార్లు చక్కగా నడిచింది, 6 సార్లు ‘ఇన్‌వాలిడ్ ఈజీఎల్ డివైస్’ అని ఆగిపోయింది. నడిచిన రెండుసార్లూ ఎన్విడియా-ఎస్ఎంఐ కమాండ్‌లో ఒకటే బస్ ఐడీ (ఏ కార్డో చెప్పే నంబరు) కనిపించింది. జాబ్‌కి దక్కని మిగతా కార్డులను సీగ్రూప్ (ఒక జాబ్ ఏ వనరులు వాడొచ్చో కట్టడి చేసే లినక్స్ ఏర్పాటు) మూసేస్తోందని నా అనుమానం. జాబ్‌కి ఏ జీపీయూలు కనిపిస్తాయో చెప్పే CUDA_VISIBLE_DEVICES విలువ చూస్తే ప్రతి జాబ్‌లోనూ 0 అనే ఉంది, కాబట్టి దానితో లాభం లేదు. ఈజీఎల్1, ఈజీఎల్2 అని చేత్తో మార్చి చూస్తే ఏదో ఒకటి పనిచేస్తుంది, కానీ ఏదో ముందే తెలియట్లేదు. నాతోపాటు ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు కూడా ఇదే వాడాలి, వాళ్లని ఇలా ఊహించుకోమనలేను.

జాబ్ స్క్రిప్ట్‌లోనే, నాకు దక్కిన జీపీయూకి సరిపోయే ఈజీఎల్ డివైస్‌ని కనిపెట్టి వీజీఎల్‌రన్‌కి ఇవ్వడం ఎలా?