బక్కగా ఉన్నంత మాత్రాన ఫిట్టేనా? పద్మాక్షి గుట్ట మీద నా పరువు పోయింది

ప్రశ్న: జిరాక్స్ షాపు, సుబేదారి

అందరికీ నమస్తే. నాకు 44 ఏళ్లు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. పెళ్లినాటి ప్యాంటు ఇప్పటికీ పడుతుంది (నడుము దగ్గర ఊపిరి బిగబట్టాలి, అది వేరే సంగతి). చుట్టాలింటికి పోతే "నీకేందయ్యా, పోరగాని లెక్కనే ఉన్నవ్" అంటారు. మా బావకు బొర్ర ఉంది కాబట్టి ఆయనకు సలహాలు, నాకు ఇంకో రెండు గారెలు.

నాది జిరాక్స్, డీటీపీ షాపు. పొద్దున తొమ్మిదింటికి స్టూలు ఎక్కితే రాత్రి ఎనిమిదిన్నరకు దిగుతాను. మధ్యలో నడకంటే ప్రింటర్ దాకే.

మొన్న ఆదివారం అమ్మను పద్మాక్షి గుట్టకు తీసుకుపోయాను. ఆమెకు 68. బీపీ గోలీలు వాడుతుంది, బరువు కూడా ఎక్కువే. పరకాల దగ్గర మా ఊళ్లో నలభై ఏళ్లు నాట్లేసి, కలుపు తీసి, పత్తి ఏరిన మనిషి. సగం మెట్లు ఎక్కేసరికి నాకు దమ్ము ఆడలేదు, తొడలు వణికాయి. సిగ్గుపడి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. ఆమె పైనుంచి కొంగుతో మొహం తుడుచుకుంటూ "ఎవలు బిడ్డా ఫోన్ల? పైకొచ్చి మాట్లాడు, ఈడ గాలి మంచిగున్నది" అన్నది. ఫోన్లో ఎవలూ లేరు.

అదే సాయంత్రం బావ గంటసేపు షటిల్ ఆడాడు. నవ్వుతూ, మధ్యలో నాతో ముచ్చట పెడుతూ ఆడాడు. నాకు మండింది అక్కడే.

ఇప్పుడు చెప్పండి, మా ముగ్గురిలో ఫిట్ ఎవరు?

జవాబు: రిటైర్డ్ కండక్టర్, నర్సంపేట

తమ్మీ, నీ ప్రశ్నకు లండన్ బస్సుల్లో ఎప్పుడో జవాబు దొరికింది. జెరీ మోరిస్ అనే డాక్టర్ అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి 1953లో రాశాడు. దినమంతా మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ, కూర్చుని నడిపే డ్రైవర్లకు ఎక్కువ. మనుషులు లావు, సన్నం కాబట్టి అట్లయిందేమోనని తర్వాత యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు కూడా తీసి చూశారు. డ్రైవర్ల ప్యాంట్లే పెద్దవి. కానీ కండక్టర్లలో లావువాళ్లు కూడా డ్రైవర్ల కంటే నయంగానే ఉన్నారు. నువ్వు బక్క డ్రైవర్‌వి, మీ బావ లావు కండక్టర్.

నేను పల్లె వెలుగు బస్సుల్లో, మేడారం జాతర రద్దీలో వెనక డోరు నుంచి ముందుకు మనుషుల్ని తోసుకుంటూ టికెట్లు కొట్టినవాణ్ణి. దమ్ము గురించి ఎన్నడూ ఆలోచించలేదు. రిటైరై టీవీ ముందు కూర్చున్నాక ఆరు నెలలకే మేడ మీద నీళ్ల ట్యాంకు చూడటానికి ఎక్కితే ఆయాసం వచ్చింది. ముప్ఫై ఏళ్ల కష్టం ఆరు నెలల్లో ఎట్ల పోయిందో ఇప్పటికీ నాకు కోపమే.

జవాబు: ల్యాబ్ టెక్నీషియన్, హన్మకొండ

అన్నా, మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క, 21. కాగితం మీద బంగారం. కానీ పుణె డాక్టర్ యాజ్నిక్, ఆయన బ్రిటిష్ స్నేహితుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. బయటికి సన్నం, లోపల కొవ్వు. మనవాళ్లలో ఇది చాలా మామూలు. కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం గుండ్రం.

ప్యాంటు సంగతి బ్రాకెట్లో దాచారు చూడండి, అసలు విషయం అదే. టేపుతో నడుము కొలవండి. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలంటారు. షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. రక్తం తక్కువున్నా ఆయాసం వస్తుంది. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో బరువుగా అనిపించి ఉంటే ఈ ముచ్చట్లన్నీ ఆపి ముందు డాక్టర్ దగ్గరికి పోండి.

జవాబు: గ్రౌండ్‌లో కోచింగ్ ఇస్తాను

కానిస్టేబుల్ పోస్టులకు 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. దాన్ని అలవోకగా కొట్టే పోరడు 7.26 కిలోల గుండును 6 మీటర్లు వెయ్యలేక ఏడ్చిన రోజులున్నాయి. దమ్ము వేరు, బలం వేరు, తూలకుండా నిలబడటం వేరు. ఏది అడిగితే ఒళ్లు అదే నేర్చుకుంటుంది. మీరు మీ ఒంటిని స్టూలు మీద కూర్చోమని అడిగారు, అది బాగా నేర్చుకుంది.

ఇంట్లో ఒక పరీక్ష చేయండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరు? 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లకే 14 కంటే తక్కువైతే వెనకబడినట్టు. 65 నుంచి 69 ఏళ్ల ఆడవాళ్లకు 11.

జవాబు: రైతు బిడ్డ, ములుగు

అమ్మను మరీ దేవతను చేయకండి. మా అమ్మ కూడా గుట్ట ఎక్కుతుంది. వరి పొలంలో వంగీ వంగీ నడుము అరిగిపోయింది, రాత్రి జండూబామ్ లేనిదే నిద్ర పట్టదు. కూలిపని వేరు, వ్యాయామం వేరు. పనికి విశ్రాంతి ఉండదు, సరిపడా తిండి ఉండదు. మీ అమ్మ మోకాళ్ల సంగతి ఎప్పుడైనా అడిగారా?

మళ్లీ నేనే, జిరాక్స్ షాపు

నడుము 92. కుర్చీ పరీక్షలో నాకు 13, అమ్మకు 12. అంటే ఆమె పాస్, నేను నాకంటే 16 ఏళ్లు పెద్దవాళ్ల పరీక్షలో ఫెయిల్. లెక్కపెట్టింది నా బిడ్డ, ఇంకా నవ్వుతూనే ఉంది.

ములుగు చెల్లె అడిగింది కూడా నిజమే. కింద చాప మీద కూర్చోమన్నాను, కూర్చుంది. లేవడానికి మంచం కోడు పట్టుకోవాల్సి వచ్చింది. "ఎప్పటిసంది?" అంటే "రెండేండ్లాయె, చెప్తే ఏంజేస్తవ్" అన్నది. బుధవారం ఇద్దరికీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ఆమెకు మోకాళ్లు, నాకు షుగర్ పరీక్ష.

ఈరోజు షాపుకు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ వస్తే కుర్రాణ్ణి ఆపి నేనే మోశాను, నాలుగు మెట్లు. సగం చొక్కా మీదే పోసుకున్నాను. బావకు ఇంకా ఏమీ చెప్పలేదు.