మా సత్రం చిట్టా ఆవర్జాలను ఎలా భద్రపరచాలి?

నమస్కారం. మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. పత్తి వ్యాపారంలో గడించిన మా ముత్తాతగారు బాటసారులకు సత్రం, పేద విద్యార్థులకు భోజన వసతి నడిపారు. ఇటీవల పాత మిద్దె పడగొట్టబోతుండగా, అటక మీది రెండు ట్రంకుపెట్టెల్లో ఆ ధర్మాలకు సంబంధించిన చిట్టాలు (రోజువారీ లెక్కల పుస్తకాలు), ఆవర్జాలు (ఖాతాలవారీ లెక్కల పుస్తకాలు), దానపత్రాలు, సాయం కోరుతూ జనం రాసిన కార్డులు దొరికాయి. కొన్నింటి అంచులను అప్పటికే చెదలు తినేశాయి.

ఇటువంటి కాగితాల విలువకు అమెరికాలోని సంపన్న దాతలైన రాక్‌ఫెల్లర్ కుటుంబమే ఉదాహరణ. న్యూయార్క్ రాష్ట్రంలో 1974లో ఏర్పడిన రాక్‌ఫెల్లర్ ఆర్కైవ్ సెంటర్ (పాత దస్త్రాల భాండాగారం) ఆ కుటుంబం కాగితాలనూ, 1913లో నెలకొన్న వారి ఫౌండేషన్ దస్త్రాలనూ పరిశోధకులకు అందిస్తోంది. 1920లలో మద్రాసు ప్రెసిడెన్సీలో కొంకిపురుగు (పేగుల్లో చేరే హుక్‌వర్మ్) నివారణకు ఆ ఫౌండేషన్ చేసిన పని గురించి చరిత్రకారులు వివరంగా రాయగలుగుతున్నారంటే, అటువంటి దస్త్రాలు నిలిచి ఉండటమే కారణం. మాది అంతటి కలిమి కాదు గాని, మా చిట్టాలలో కరువు ఏళ్ల బియ్యం ధరలు కూడా ఉన్నాయి.

బంధువు ఒకరు కాగితాలను విషయాలవారీగా విడదీయడం మొదలుపెడితే నేనే ఆపించాను. దొరికిన వరుసను చెదరగొట్టకూడదన్నది సరైన పద్ధతేనా? సాయం పొందినవారి పేర్లు, వారి కష్టాలు ఆ కార్డుల్లో ఉన్నందున, వారి మనుమల మనసు నొవ్వకుండా వాటిని ఎన్నేళ్లు మూసి ఉంచడం న్యాయం? కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం తాళపత్రాలతో పాటు ఇటువంటి వ్యాపార కుటుంబాల లెక్కలను కూడా స్వీకరిస్తుందా, లేక స్కాన్ చేయించి అసలు ప్రతులను మేమే ఉంచుకోవడం మేలా? ఇటువంటి పని స్వయంగా చేసినవారు దయచేసి తెలుపగలరు.