స్టీరింగ్ పై పొర లేచి చేతికి జిగురు అంటుతోంది. కవర్ వేయాలా, స్టీరింగే మార్చాలా?

కర్నూలు_హ్యాచ్‌బ్యాక్:
పాత హ్యాచ్‌బ్యాక్, ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్. చేతులు పట్టే రెండు చోట్లా పెచ్చులు లేస్తున్నాయి, ఎండలో ఉంచితే జిగురుజిగురుగా అవుతోంది. తొడిగే కవర్, కుట్టే కవర్ రెండూ దొరుకుతున్నాయి. ఏది నిలుస్తుంది? స్టీరింగే మార్చేయడం మేలా?

సీటుకుట్టు_ఆటోనగర్:
కుట్టేదే తీసుకోండి అన్నా. తొడిగే కవర్‌లోని రబ్బరు రింగు ఎండకు సాగిపోతుంది. అప్పుడు మలుపులో కవరే తిరుగుతుంది, స్టీరింగ్ తిరగదు.

ముందు కొలత. స్టీరింగ్‌కు అడ్డంగా, అంచు నుంచి అంచుకు టేపు పెట్టండి. చిన్న కార్లవి చాలావరకు 36–38 సెం.మీ. ఉంటాయి. చేయి పట్టే చోట దారం చుట్టి ఆ చుట్టుకొలతా తీయండి. కవర్ వెడల్పు దానికంటే 4–5 మి.మీ. తక్కువ ఉంటేనే కుట్టు లాగినప్పుడు బిగుస్తుంది.

జిగురు మీదే కవర్ వేస్తే లోపల జారుతూనే ఉంటుంది. సబ్బునీళ్ళలో పిండిన గుడ్డతో తుడిచి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు అద్ది రుద్దండి, స్టీరింగ్ మీద నేరుగా పోయొద్దు. లేచిన పెచ్చుల అంచుల్ని 400 నంబరు వాటర్‌పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) చదును చేసి, రాత్రంతా ఆరనివ్వండి.

కవర్ అతుకు కింది వైపుకు, కుట్టు వరస రింగు లోపలి వైపుకు రావాలి. కుట్టు పొడవు సుమారు మీటరు, మైనం పట్టించిన దారం 4 మీటర్లు పెట్టుకోండి. తోలు అయితే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెడితే సాగుతుంది. ప్రతి కుట్టుకూ కొద్దికొద్దిగా బిగించండి. వదులుగా కుట్టుకుపోయి చివర్లో ఒక్కసారే లాగితే రంధ్రాలు చిరుగుతాయి.

క్లాక్‌స్ప్రింగ్:
అంతా అయ్యాక, బండి ఆగి ఉన్నప్పుడే రెండు చేతులతో బట్ట పిండినట్టు గట్టిగా మెలిపెట్టి చూడండి. కవర్ ఏమాత్రం కదిలినా కుట్టు విప్పాల్సిందే. హారన్ ప్యాడ్ మీదికి, బటన్ల మీదికి కవర్ రాకూడదు. కింది భాగం చదునుగా ఉండే స్టీరింగ్‌కు గుండ్రటి కవర్ అక్కడ ఉబ్బుతుంది, దాని ఆకారానిదే అడగండి.

పై పొర మాత్రమే పోతే మార్చక్కర్లేదు. ఫోమ్ పగిలి లోపలి లోహం కనిపిస్తే మార్చాలి, అదీ ఎయిర్‌బ్యాగ్ పని తెలిసిన మెకానిక్ చేతే. బ్యాటరీ నెగటివ్ తీశాక సర్వీస్ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు దాచి ఉంచే కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలి ఉంటుంది. చక్రాలు తిన్నగా పెట్టి, షాఫ్ట్ మీదా స్టీరింగ్ మీదా పెయింట్ గుర్తు పెట్టాలి. స్టీరింగ్ తీసి ఉండగా క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ వెనక ఉండే, హారన్‌కూ ఎయిర్‌బ్యాగ్‌కూ కరెంటు అందించే రిబ్బన్ వైరు చుట్ట) పక్కకు తిరిగిందంటే, తర్వాత పూర్తిగా తిప్పినప్పుడు అందులోని రిబ్బన్ తెగుతుంది. హారన్ పోతుంది, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది.

కర్నూలు_హ్యాచ్‌బ్యాక్:
తోలు కాకుండా రెక్సిన్ సరిపోతుందా?

సీటుకుట్టు_ఆటోనగర్:
పల్చటి రెక్సిన్ మన ఎండలకు పగులుతుంది. చేతులు పట్టే చోట సన్న రంధ్రాలున్న మైక్రోఫైబర్ తోలు వేయించండి, చెమటకు చేయి జారదు.