ఈపిర్బ్ ఉండగా సార్ట్ ఎందుకు?

కాకినాడ మరబోటు: మా తమ్ముడు ఓడలో క్యాడెట్‌గా చేరాడు. అక్కడ ఆపదలో సంకేతాలు పంపే పరికరాలు ఈపిర్బ్, సార్ట్ రెండూ ఉన్నాయట. ప్రాణం మీదికొస్తే ఒకటి చాలదా? మా బోటులో ఆపద కబురు పంపే డాట్ పరికరం ఒక్కటే ఉంది. వాడినవాళ్లు చెప్పండి.

విశాఖ సెకండ్‌మేట్: చాలదన్నా. ఈపిర్బ్ 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహం ద్వారా ఒడ్డుకి కబురు పంపుతుంది, కనీసం 48 గంటలు. కానీ వెతుకుతూ వచ్చిన ఓడకి అంత సముద్రంలో తెప్ప కనపడాలి కదా! ఆ పని సార్ట్‌ది. ఆ ఓడ ఎక్స్‌బ్యాండ్ రాడార్ తరంగం తగలగానే జవాబిస్తుంది, రాడార్ తెర మీద 12 చుక్కలు వరుసగా పడతాయి. మేం టెస్ట్ చేసేటప్పుడు ఒకరు బ్రిడ్జి (ఓడ నడిపే గది) పక్కనుండే వింగ్‌లో పట్టుకుని నిలబడతారు. అంత దగ్గరగా ఉంటే చుక్కలు పోయి తెరంతా వలయాలే. తెప్పలో మాత్రం కర్రకి కట్టి మీటరు ఎత్తున నిలపాలి. అప్పుడే ఓడకి ఐదు మైళ్ల నుంచి దొరుకుతుంది. అడుగున పడేస్తే రెండు మైళ్లు కూడా కష్టం.

ఈటీఓ, సింగపూర్: నా ఓటు ఏఐఎస్ (ఓడలు తమ స్థానం రేడియోలో చెప్పుకునే వ్యవస్థ) సార్ట్‌కే. 970తో మొదలయ్యే నంబరుతో జీపీఎస్ స్థానమే పంపుతుంది, చుక్కలు లెక్కపెట్టే పని లేదు. 96 గంటలు పనిచేస్తుంది. 2010 నుంచి రాడార్ సార్ట్ బదులు ఇది పెట్టుకోవచ్చు.

విశాఖ సెకండ్‌మేట్: నిజమే సార్. కానీ వచ్చేవాడి దగ్గర ఏఐఎస్ లేకపోతే? రెండు సార్ట్‌లున్న ఓడలో ఒక్కోరకం ఒకటి ఉంటే నాకు ధైర్యం.

లైఫ్‌రాఫ్ట్ సర్వీస్: ఏ రకం కొన్నా బిగించడం చూడండి. ఒక ఓడలో ఈపిర్బ్ తాడు రెయిలింగ్‌కి ముడేసి ఉంది! నీళ్లలో నాలుగు మీటర్ల లోతుకి వెళ్లేలోపు నీటి ఒత్తిడికి పనిచేసే హెచ్‌ఆర్‌యూ దాన్ని వదిలేస్తుంది, కానీ ఆ తాడే ఓడతోపాటు లాక్కుపోతుంది. తాడు తెప్పకి కట్టుకోవడానికే ఇచ్చారు. ముడి విప్పుతుంటే నా చేతులు వణికాయి. హెచ్‌ఆర్‌యూ కూడా రెండేళ్లకోసారి మార్చాలి.

విశాఖ సెకండ్‌మేట్: అన్నా, మీ డాట్ పాతదైతే రెండోతరంది చూడండి. 2024 జనవరిలో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో ప్రారంభించారు. పాతదాన్ని నొక్కితే కబురు వెళ్లిందో లేదో తెలియదు. దీనికి కబురు అందుకున్న కంట్రోల్ కేంద్రం నుంచి తిరుగు సమాధానం వస్తుంది.

కాకినాడ మరబోటు: నడిసముద్రంలో ఆ సమాధానం వస్తే సగం టెన్షన్ తగ్గుతుంది తమ్ముడూ, తప్పకుండా కనుక్కుంటాను. మావాడికి ఇప్పుడే ఫోన్ చేశాను. పైకెక్కి చూసొచ్చాడు. తాడు దేనికీ కట్టలేదట, చుట్ట చుట్టే ఉంది. హెచ్‌ఆర్‌యూ గడువు మార్చి వరకూ ఉందన్నాడు.