కళ్ళజోడుతో విల్లు ఎక్కుపెట్టేవారు ఫ్రేమ్ అడ్డు ఎలా తప్పించుకుంటున్నారు?

మాది హనుమకొండ. రికర్వ్ విల్లుతో (కొనలు ముందుకు వంగి ఉండే, ఒలింపిక్స్‌లో వాడే రకం) సాధన చేస్తున్నాను, కుడిచేతి వాటం. కుడికంటికి మైనస్ 3.5 పవర్, కొంచెం సిలిండర్ (ఆస్టిగ్మాటిజానికి ఇచ్చే పవర్) కూడా ఉంది. 30 మీటర్ల వరకు ఇబ్బంది లేదు, 70 మీటర్లకు వచ్చేసరికి తంటా.

నారిని గడ్డం కిందికి లాగి, ముక్కు కొనకు ఆనించి తల ఎడమకు తిప్పగానే చూపు అద్దం మధ్యలోంచి కాకుండా ముక్కువైపు అంచులోంచి వెళ్తోంది. లక్ష్యం మధ్యలోని పసుపు వలయం సాగినట్టు కనిపిస్తుంది. సైట్ పిన్ (విల్లు మీద గురి చూసుకునే పిన్) పక్కనే ఫ్రేమ్ అంచు నల్లటి గీతలా అడ్డొస్తుంది. తల ఇంకాస్త తిప్పితే నారి ఆనే చోటు మారి బాణాలు పక్కకు పోతున్నాయి. చెమటకు కళ్ళజోడు జారడం వేరే గోల, మన ఎండల సంగతి తెలిసిందే. దానికి వెనుక తాడు కట్టుకున్నాను.

కాంటాక్ట్ లెన్సులు వద్దు, మైదానం దుమ్ముకు కళ్ళు మండుతున్నాయి. కళ్ళజోళ్ల దుకాణంలో విల్లు అనగానే నవ్వారు.

పెద్ద అద్దాలతో, రిమ్ లేని ఫ్రేమ్ సరిపోతుందా? అద్దం కేంద్రాన్ని ముక్కువైపు జరిపి చేయించినవారున్నారా? రైఫిల్ షూటర్లు వాడే, అద్దం కోణం మార్చుకోగల కళ్ళజోడు విలువిద్యకు పనికొస్తుందా? వరంగల్‌లోగానీ కరీంనగర్‌లోగానీ ఇలాంటివి చేయించినవారుంటే, ఖర్చెంతయిందో కూడా చెప్పండి.