ష్రింకింగ్ మ్యాన్: భయపెట్టేది సాలీడా, ఇల్లా?

కాగితప్పడవ: రిచర్డ్ మాథీసన్ 1956లో రాసిన ఈ నవల నిన్న రెండోసారి పూర్తి చేశాను. రేడియోధార్మిక తుంపర, పురుగుమందు ఒంట్లో కలిసి స్కాట్ కేరీ రోజుకు అంగుళంలో ఏడో వంతు కుంచించుకుపోతుంటాడు. చివరికి సెల్లార్‌లో బ్లాక్ విడో సాలీడుతో పోరు. నన్ను వణికించింది మాత్రం సాలీడు కాదు. బొమ్మరిల్లులో బతుకు, మాట లెక్కచేయని కూతురు. కథ గతంలోకి వెళ్లినప్పుడల్లా ఆ భాగం పైన స్కాట్ ఎత్తు అంగుళాల్లో వేశాడు రచయిత. అది చూస్తేనే గుండె జారుతుంది.

కొలబద్ద: అసలు సైన్సే తప్పు. ఎత్తు 72 రెట్లు తగ్గితే చర్మం వైశాల్యం 5,184 రెట్లు, బరువు ఏకంగా 3,73,248 రెట్లు తగ్గాలి. ఆరడుగుల మనిషి అంగుళమయ్యేసరికి పావు గ్రాము కూడా ఉండడు. ఒంట్లో వేడి నిలవదు, రోజంతా తింటూనే ఉండాలి. పైనుంచి పడ్డా దెబ్బ తగలదు. దారం పట్టుకుని ఆయాసపడుతూ ఎక్కడమేంటి?

నిద్రరాని: 1957 సినిమా చూశా, చాలు.

కాగితప్పడవ: సినిమాలో కూతురే లేదండీ. సాలీడు కూడా బ్లాక్ విడో కాదు, టరాంటులా. కొలబద్ద గారూ, లెక్కలు పక్కన పెట్టండి.

కొలబద్ద: ఎందుకు పెట్టాలి? గుండుసూదితో సాలీడును పొడిచాడంటే నమ్మాలా?

వీధిదీపం: అందరూ స్కాట్ గురించే. భార్య లూయీజ్ మీద ఎన్నిసార్లు విరుచుకుపడ్డాడో లెక్కపెట్టారా?

కాగితప్పడవ: మీకేం తెలుసు? యాక్సిడెంట్ తర్వాత ఎనిమిది నెలలు మంచం మీదున్నా. డాక్టర్ నన్ను వదిలేసి మా ఆవిడతో మాట్లాడేవాడు, నేనక్కడ లేనట్టే. కోపం రాదా?

వీధిదీపం: వస్తుంది. మా ఆయనకూ వచ్చేది. నాలుగేళ్లు చూసుకున్నా. స్పూన్‌తో నీళ్లు పట్టబోతే గ్లాసు విసిరికొట్టేవారు. అవమానం ఆయనది, నిజమే. గాజుముక్కలు ఏరింది నేను. పాఠకులంతా సెల్లార్‌లోకి దిగుతారు. పైన గదిలో ఉన్నావిడ గురించి ఎవరూ అడగరు.

కొలబద్ద: నేను సాలీడు గురించే అడిగాను. ఎవరూ జవాబివ్వలేదు.

కాగితప్పడవ: ఈ పుస్తకం పోయిన నెల మా ఆవిడకిచ్చాను. నలభయ్యో పేజీ దగ్గర మూసేసింది. ఎందుకని అడగలేదు.